కోడ్‌లో పంపనన్న మాస్టారు

ఎనభైల తొలినాళ్లలో పోలీసు వైర్‌లెస్ సబ్ ఇన్‌స్పెక్టర్‌గా నన్ను ఖానాపూర్‌లో వేశారు. ఆ వానాకాలంలోనే మా ఏరియల్ స్తంభం గాలికి విరిగి, పెంకులు పగలగొట్టుకుని సరాసరి వైర్‌లెస్ సెట్టు మీద పడింది. టెలిఫోన్ అప్పటికే పోయింది, నిర్మల్ రోడ్డు మునిగింది. ఇంతలో వాగు అవతలి గూడెం నుంచి పోశెట్టి ఈదుకుంటూ వచ్చి స్టేషన్ మెట్ల మీద కూలబడ్డాడు. భార్య గంగవ్వకు కాన్పు నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది.

"సారూ, జర జల్ది చెయ్యుండ్రి. పానం పోయేటట్టున్నది."

మోటారు పడవ వస్తే తప్ప ఆమెను దాటించలేం. పడవ కావాలని చెప్పడానికి ఊళ్లో మిగిలింది మిషన్ బడి డేనియల్ మాస్టారి సెట్టొక్కటే. ఆయన లైసెన్సున్న హామ్, అంటే ఇష్టం కొద్దీ రేడియోలో మాట్లాడుకునే మనిషి. ఆ లైసెన్సు మీద ఇతరుల కబుర్లు పంపరాదు. ఆపదలో అధికారి కోరితే పంపవచ్చు గానీ, అప్పుడూ అందరికీ తెలిసిన భాషలోనే. మా పోలీసు పద్ధతి దానికి పూర్తిగా తలకిందులు, కోడ్‌లోకి మార్చనిదే ఏ సందేశమూ కదలదు.

ఇన్‌స్పెక్టర్ గారు అలవాటు ప్రకారం కోడ్‌లోనే రాసిచ్చారు. నేను తీసుకెళ్లిన ఆ కాగితాన్ని మాస్టారు చూసి తిరిగి నా చేతికే ఇచ్చేశారు. నాకు ఒళ్లు మండింది.

"మనిషి సచ్చిపోతుంటే రూలేంది మాస్టారూ?"

"గా రూలు మీదనే నాకు సెట్టు ఇచ్చిండ్రు సార్. ఉన్న మాట చెప్పుండ్రి, ఇప్పుడే పంపుత."

ఇన్‌స్పెక్టర్ గారి ఫికర్ వేరు. స్టేషన్ మూగబోయిందని అడవిలో ఉన్న నక్సలైట్లు వింటే ఏమిటి గతి? ఆయన స్వయంగా మాస్టారింటికి వచ్చి, నా వెంట వచ్చి గుమ్మంలో నిలబడ్డ పోశెట్టిని చూశారు. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పమన్నారు.

జీపు బ్యాటరీ తగిలించి మాస్టారు పిలిచారు. బుస్సుమనే శబ్దమే. మళ్లీ పిలిచారు, మళ్లీ అదే. చివరకు ఓ గొంతు పలికింది. కరీంనగర్‌లో బట్టల దుకాణం నడిపే ఇంకో హామ్, మాలో ఎవరికీ ముఖపరిచయం లేని మనిషి. విన్నది తిరిగి అప్పజెప్పి, కలెక్టరాఫీసుకు ఉరుకుతున్నానన్నాడు.

పొద్దు వాలకముందే పడవ వచ్చింది. బిడ్డ దక్కలేదు, గంగవ్వ బతికింది.

మా కోడ్ ఆ బట్టల వ్యాపారి చెవిన పడితే ఏం చేసేవాడు? రేడియో కట్టేసి బేరం చూసుకునేవాడు. ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా, కోడ్ పుస్తకం తెరిచే ముందు ఈ సందేశం ఎవరికి అర్థం కావాలి అని అడగడం నేర్చుకున్నాను.