ప్రశ్నాంబ అత్తగారికి కనిపించినవాళ్ళు

మా సెక్షన్‌లో ఆవిడని ప్రశ్నాంబ అంటాం. ఆ పేరు పెట్టింది నేనే. కంటి ఆసుపత్రి పై అంతస్తులో, లిఫ్టు పక్క గదిలో, ఆవిడ కుర్చీ జరిగితే నా కుర్చీకి తగులుతుంది. డాక్టర్లు రోగిని చూసి రాసిన నోట్సు మా దగ్గరికి వస్తుంది. ప్రతి కంటి జబ్బుకీ ఒక కోడ్ ఉంటుంది, ముందు ఒక అక్షరం, వెనక కొన్ని అంకెలు. శుక్లాలకొకటి, నీటికాసులకొకటి, మెల్లకన్నుకొకటి. నోట్సు చదివి సరైన కోడ్ వేయడం మా పని. కళ్ళు నెత్తికెక్కినవాళ్ళకి మాత్రం ఇంకా కోడ్ రాలేదు. వస్తే మొదట మా మేనేజరుకే వేద్దామని కాచుకుని కూర్చున్నాను.

ఈ పనిలో ఊహకు చోటు లేదు. ఏ కన్నో డాక్టరు రాయకపోతే మనం అనుకోకూడదు. 'కావచ్చు' అనో 'అనుమానం' అనో రాస్తే ఆ జబ్బు కోడ్ వేయకూడదు, రోగి చెప్పుకున్న బాధకే వేయాలి. మేమందరం దీన్ని పనివేళల్లో బుద్ధిగా పాటించి, గేటు దాటగానే లోకంలో అందరి గురించీ హాయిగా ఊహించుకుంటాం. ప్రశ్నాంబ అలా కాదు. కుడి కంటికి చుక్కల మందు రాసి ఉన్నా సరే, జబ్బు దగ్గర కన్ను పేరు లేకపోతే ఫోన్ ఎత్తేది. "డాక్టరు గారూ, ఏ కన్నండీ?" ఒక పెద్ద డాక్టరైతే వరండాలో ఈవిడ ఎదురుపడగానే "రెండూ అమ్మా, రెండూ!" అనేసి మెట్లు దిగి పారిపోయేవాడు.

ఇంట్లోనూ అదే వరస. వాళ్ళాయన "పక్కింటాయన ఉద్యోగం పోయినట్టుంది" అంటే, "ఆయన చెప్పాడా?" అని అడిగేది. "నీతో కబుర్లు చెప్పేకన్నా కోర్టులో సాక్ష్యం చెప్పడం నయం" అని ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు.

ఆ ఇంట్లో ప్రశ్నాంబకు సరిజోడు వాళ్ళ అత్తగారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, నోరు కొంచెం ఘాటు. కొన్నేళ్ళుగా రెండు కళ్ళలోనూ రెటీనా నడిమి భాగం దెబ్బతింటోంది. ఎదుటి మనిషి మొహం ఉండాల్సిన చోట మసక, చుట్టూ ఉన్నవి మాత్రం కొంత కనిపిస్తాయి. ఆవిడ దానికి బెంబేలు పడలేదు. గొంతును బట్టి మనుషుల్ని, తడిమి డబ్బాల్ని గుర్తుపట్టేది.

ఆ వర్షాకాలంలో తేడా మొదలైంది. హాలు మధ్య దారి ఖాళీగా ఉన్నా, పెద్దావిడ గోడను ఆనుకుని ఎవరికో దారి ఇస్తున్నట్టు నడిచేది. గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగిపోయేది. ఒకరోజు కర్టెన్ వైపు చెయ్యి విసిరి "పొండి" అంది. ఎవరైనా వచ్చిన చప్పుడైతే ఏమీ జరగనట్టు మాట మార్చేసేది.

చూడ్డానికి వచ్చిన ఆడపడుచు రెండు రోజులుండి బెంబేలెత్తిపోయింది. "అమ్మకి మతి చలించింది అన్నయ్యా. మీరిద్దరూ పొద్దున పోతే సాయంత్రానికి గానీ రారు. గ్యాస్ వెలిగించి మర్చిపోతే?" అని ఏడ్చింది. ఇలాంటి పెద్దవాళ్ళని చూసుకునే హోమ్ ఒకటి వాకబు చేసింది. గదులకు బయటినుంచి గడియలుంటాయట. కూతురు చెడ్డదేం కాదు, భయపడింది, అంతే. ఆదివారం అందరూ వెళ్ళి చూసి, బాగుంటే చేర్పించేద్దామనుకున్నారు.

టీ తాగుతూ ప్రశ్నాంబ ఇదంతా చెప్పింది.

"మతిమరుపు జబ్బే అయ్యుంటుంది" అన్నాను. "మా మేనత్తకీ ఇలాగే మొదలైంది."

"ఎవరు రాశారు?"

నాకు ఒళ్ళు మండింది. "రాయడమేంటే! ఇంట్లో మనిషి కర్టెన్‌ని కసురుకుంటుంటే నీకింకా కాగితం కావాలా?"

"కాగితం కాదు. అత్తయ్యని ఎవరూ అడగలేదు." కప్పు కింద పెట్టేసింది. "నేనూ అడగలేదు. ఏం చెబుతారో అని భయమేసింది."

ఊళ్ళో డాక్టర్లందరినీ నిలబెట్టి అడిగే మనిషి అన్న మాట అది.

ఆ సాయంత్రమే అడిగింది. మర్నాడు నాకు చెప్పిన మాటలే ఇవి. పెద్దావిడ మంచం మీద కూర్చుని, అంచులు తడుముకుంటూ బట్టలు మడతపెడుతోంది.

"అత్తయ్యా, మీకేమన్నా కనిపిస్తున్నాయా?"

"చూపులేనిదాన్ని అడిగే ప్రశ్నేనా ఇది?"

"లేనివి."

మడతపెట్టే చేతులు ఆగిపోయాయి. "ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. అందుకే అడుగుతున్నా."

పెద్దావిడ చేతిలో బట్ట పక్కన పెట్టింది. "మనుషులమ్మాయ్. ఇంతింతే ఉంటారు. టోపీలు పెట్టుకుని హాల్లోంచి వంటింట్లోకి వరసగా పోతుంటారు. ఒక్కోసారి మామూలు ఆడవాళ్ళు, మంచి చీరలు."

"మాట్లాడతారా?"

"ఒక్క ముక్క మాట్లాడరు. పొమ్మన్నా పోరు."

"కళ్ళు మూసుకుంటే?"

"పోతారు."

"నిజంగా ఉన్నారనే అనుకుంటున్నారా?"

"నాకేం పిచ్చా? టోపీల వాళ్ళకి మన వంటింట్లో ఏం పని?" అని గయ్యిమంది. వెంటనే గొంతు తగ్గించింది. "పిచ్చేనేమోనమ్మా. బయటపడితే ఎక్కడ పడేస్తారో అని చెప్పలేదు. పడుకునే ముందు పంతొమ్మిదో ఎక్కం చెప్పుకుంటున్నా, బుర్ర ఉందో పోయిందో చూసుకోడానికి. తప్పు లేకుండా వస్తోంది. మరి వాళ్ళెందుకొస్తున్నారే?"

ప్రశ్నాంబ ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేసింది. చూపు తగ్గినవాళ్ళకి ఇలా కనిపిస్తుందని నోట్సుల్లో ఒకటి రెండు సార్లు చదివింది. అయినా ఆ మాట తన నోటితో అనలేదు. సెలవు పెట్టి, మొగుణ్ణీ ఆడపడుచునీ కూడా వెంటేసుకుని, అత్తగారిని మా ఆసుపత్రి రెటీనా డాక్టరు దగ్గరికి తీసుకొచ్చింది.

ఆయన ఓపిగ్గా అన్నీ విన్నాడు. జ్ఞాపకశక్తి చూసే డాక్టరుతోనూ పరీక్ష చేయించాడు. అన్నీ చూశాక నలుగురినీ కూర్చోబెట్టి చెప్పాడు. "కళ్ళు పంపేది తగ్గిపోతే, ఖాళీగా ఉన్నచోట మెదడే బొమ్మలు గీసుకుంటుందమ్మా. ఇది చాలామందికి వస్తుంది, పిచ్చనుకుంటారని దాచుకుంటారు. ఈవిడ మతికి ఏ లోటూ లేదు."

"నిజంగానాండీ?" అని ఆడపడుచు రెండుసార్లు అడిగింది. ఆయన రెండుసార్లూ చెప్పాడు.

ఆ నోట్సు మా గదికే వచ్చింది. సొంతవాళ్ళవి మనం చేయకూడదు కాబట్టి నా వంతుకు వచ్చింది. లేనివి కనబడడానికి మా పుస్తకంలో రెండు చోట్ల కోడ్ ఉంది, ఒకటి కళ్ళ భాగంలో, ఇంకొకటి మనసుకు సంబంధించిన లక్షణాల దగ్గర. ప్రశ్నాంబ వెనకాల నిలబడి నా మెడ మీద ఊపిరి వదులుతోంది.

"సరిగ్గా చదివావా?"

"కళ్ళవల్లేనని రాసే ఉందే తల్లీ! వెళ్ళి నీ కుర్చీలో కూర్చో" అని కసిరి, కళ్ళ భాగంలో కోడ్ వేశాను. వేశాక ఆ అంకెలు ఇంకోసారి సరిచూసుకున్నాను.

హోమ్‌కి వెళ్ళాల్సిన ఆదివారం నేను వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దావిడ హాల్లో ఉంది. ఆడపడుచు టీ కప్పుతో వచ్చి, తల్లి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చోబోయింది.

"అక్కడ కూర్చోకే" అంది పెద్దావిడ. "ఒకావిడుంది."

మేమందరం ఆ ఖాళీ కుర్చీ వైపు తిరిగాం.

"లేదని నాకూ తెలుసు" అంది మళ్ళీ, కొంచెం సిగ్గుపడుతూ. "అయినా నా కళ్ళెదుటే నువ్వు ఆవిడ ఒళ్ళో కూర్చుంటే ఏం బావుంటుంది?"

ఆడపడుచు కప్పు బల్లమీద పెట్టింది. తర్వాత మెల్లగా వచ్చి తల్లి కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని, ఆ ఖాళీ కుర్చీ వైపు చూస్తూ అడిగింది.

"ఏ రంగు చీర కట్టుకుందమ్మా?"