బల్లల బండి కింద మట్టి

అమెరికాలో మా లాంకాస్టర్ వైపు గుర్రబ్బళ్ళు చేసేవాళ్ళకి కొదవ లేదు గానీ, బెన్యుయెల్ గ్లిక్ చేసిన బండి మీద చెయ్యి వేసి చూస్తే చెక్క ఎక్కడ అతికిందో తెలిసేది కాదు. గర్వం పాపమని పుట్టినప్పటినుంచీ వింటూ పెరిగినవాడే. అయినా ఒక్క గర్వం మాత్రం వదల్లేకపోయాడు, అది బల్లల బండి. పాత పద్ధతుల్లోనే బతికే క్రైస్తవులం, మా ఆమిష్ వాళ్ళకి చర్చి భవనం ఉండదు. ప్రార్థన ఒకసారి ఒకరింట్లో, మరోసారి ఇంకొకరింట్లో. కూర్చునే బల్లలన్నీ ఆ బండిలోనే ఇల్లిల్లూ తిరుగుతాయి. దాన్ని చేసింది బెన్యుయెలే.

ఆ అక్టోబరులో ప్రార్థన ఆయనింట పడింది. ఎండకి రంగు వెలిసిపోతుందని బండిని పెరట్లో చెట్టు నీడన పెట్టాడు. దానికి స్వర్గపు చెట్టని పేరెవడు పెట్టాడో గానీ, ఆకు నలిపితే కంపు. దానికే లాంతరు పురుగులు పట్టాయి. సముద్రాలు దాటి వచ్చిన పురుగులు. సూదిలాంటి మూతి బెరడులో గుచ్చి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ రసం లాగేవి. మధ్యాహ్నం మాను చివరిదాకా పాకి, ఒక్క గెంతు గెంతి రెక్కలు విప్పేవి. లోపలి ఎర్ర రెక్క అప్పుడే కనిపించేది. ఎగరడం సరిగ్గా చేతకాదు. గాలికి తేలుతూ దిగి, ఎదురైనదానికి గుద్దుకుని, మళ్ళీ మొదటినుంచీ ఎక్కేవి. భార్య పోయిన మనిషికి పొద్దు గడవాలిగా, కాఫీ పట్టుకుని చూస్తూ నవ్వుకునేవాడు. చంపెయ్యమన్నవాళ్ళతో, పనికిరాని చెట్టు తింటే మనదేం పోయిందనేవాడు. బండి అడుగున బూడిదరంగు మరకలు కనిపిస్తే బురదే అనుకుని వదిలేశాడు.

చలికాలమంతా బండి ఇల్లిల్లూ తిరిగి, మే నెలలో చెల్లెలు లవీనా ఇంటికి చేరింది. లవీనాకీ భర్త లేడు. ఆయన నాటిపోయిన ద్రాక్షతోటే ఆమెకి ఆధారం. ద్రాక్షరసం, జెల్లీ చేసి రోడ్డు పక్కన అమ్ముకునేది. శనివారం బల్లలు దించడానికి వెళ్ళిన బెన్యుయెల్, ఇరుసు చూద్దామని బండి కిందికి దూరాడు. ఆ మరకల నిండా వరసగా సన్నటి బెజ్జాలు. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలున్న పిల్లపురుగులు చక్రం మీదుగా దిగి ద్రాక్షతీగలవైపు నడిచిపోతున్నాయి.

ఆయనకి అంతా అర్థమైంది. అది బురద కాదు, లాంతరు పురుగులు పెట్టిన గుడ్లు. అప్పటికి వాటికి రెక్కల్లేవు. ఆ పూటే నోరు విప్పితే, సోమవారం పొద్దున్నే మావాళ్ళంతా వచ్చి తీగ తీగా వెతికి నలిపేసేవాళ్ళు. ఇలాంటి పనికి మాలో ఎవరూ రెండోసారి పిలిపించుకోరు. కానీ తన చేత్తో చేసిన బండే చెల్లెలింటికి చీడ మోసుకొచ్చిందని అందరి ముందూ ఎలా చెప్పడం? గుప్పెడే కదా, ఏ పిట్టలో తినేస్తాయిలే అనుకున్నాడు. మరకలు గీకేసి, చేతులు కడుక్కుని, బల్లలు మొయ్యడానికి వెళ్ళిపోయాడు.

ఆగస్టుకి రెక్కలొచ్చాయి. సెప్టెంబరులో గట్టు మీది చెట్లనుంచి గెంతి, గాలివాటాన తేలి, తోట మీద గుంపులుగా దిగాయి. తీగల మొదళ్ళు కనిపించకుండా కప్పేశాయి. వాటి ఒంటినుంచి కారిన జిగటకి ఆకులు మసి పట్టాయి, కందిరీగలు ముసిరాయి. ఊరంతా వచ్చి చంపింది. అందరికన్నా ముందొచ్చి అందరికన్నా ఆఖర్న వెళ్ళేవాడు బెన్యుయెల్. అన్నయ్య ఉండబట్టి సరిపోయిందని లవీనా పదిమందితో చెప్పుకుంటుంటే, ఆయనకి నేలలోకి కుంగిపోవాలనిపించేది. రసం పోయిన తీగలు ఆ ఏటి చలిని తట్టుకోలేదు. వసంతంలో ఒక్క చిగురూ వెయ్యలేదు.

తీగలు పీకి తగలబెట్టిన రోజు, ఆమె వంటింట్లో కూర్చుని అంతా చెప్పేశాడు.

లవీనా చేతిలో గుడ్డ మడతపెట్టింది.

"మే నెలలోనే తెలుసా నీకు?"

"తెలుసు."

"అప్పటికింకా రెక్కల్లేవు గదా అన్నయ్యా."

ఆయన వేళ్ళకంటిన బూడిద గీక్కున్నాడు.

"సరేలే, క్షమించాను," అంది. మాలో ఆ మాటకి ఆలస్యం చెయ్యరు. లేచి అలమర తెరిచింది. అరల నిండా ఖాళీ సీసాలు, మూలన ఒక్కటే నిండుది, అంతకుముందు కాపుది. మూత తీసి, రొట్టె మీద జెల్లీ మందంగా రాసింది. చిన్నప్పటినుంచీ ఆయనకి ఇష్టమని, అంచులదాకా.

"ఇదే ఆఖరుది. తిను."

తిట్టినా బాగుండునని బెన్యుయెల్‌కి అనిపించింది. ఆమె కదలకుండా నిలబడి చూస్తుంటే, తప్పక కొరికాడు. ఎప్పటిలాగే తియ్యగా ఉంది.