మీసం పట్టుకున్న అచ్చు

మా సారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసినప్పుడు నా రెండు చేతులూ అచ్చు కోసం కలుపుతున్న ప్లాస్టర్‌లో మణికట్టు దాకా ఉన్నాయి. నాతో పనిచేసే అమ్మాయి ఫోన్ తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది. "మీ సారు పొద్దున పోయినాడు తల్లీ," అంది అమ్మ. సారు భార్యను మేమంతా అమ్మ అనే పిలిచేవాళ్ళం. చూసుకునేసరికి చేతుల మీద ప్లాస్టర్ గట్టిపడి వెచ్చబడుతోంది. గడ్డకట్టేటప్పుడు ప్లాస్టర్ వేడెక్కుతుందని ఆయనే నేర్పారు. అయినా ఆ రోజు ఎవరో నా చేతులు పట్టుకున్నట్టనిపించి భయం వేసింది.

చిక్కబళ్ళాపురం కళాశాలలో మూడేళ్ళు ఆయన దగ్గర మట్టిపని, అచ్చులు, త్రీడీ డిజైన్ నేర్చుకున్నాను. మాది చింతామణి. మా నాయనకు టమోటా మండీ తప్ప లోకం తెలీదు. "బొమ్మలు చేసేదానికి కాలేజీ యాలమ్మా? వినాయకుని పండక్కి మనమే చేసుకుంటాండాము కదా," అన్నాడు. ఆ మాట సారుకు చెబితే నవ్వలేదు. "మీ నాయన చెప్పింది నిజమే. బొమ్మ చేసేది నేను నేర్పను. బొమ్మ లోపల ఉండే ఖాళీని చూసేది నేర్పిస్తా," అన్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, తల మాత్రం ఊపాను.

మా వర్క్‌షాపు గురించి కొంచెం చెప్పాలి. సగం చేసిన మట్టి తలలు ఎండి పగలకుండా తడిగుడ్డ చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి, బల్ల మీద వరసగా పెట్టేవాళ్ళం. సాయంత్రం ఇంటికి పోయే ముందు సారు తలుపు దగ్గర నిలబడి, "తలలకి నీళ్ళు పోసినారా?" అని అడిగేవారు. కొత్తగా వచ్చిన వాచ్‌మన్ ఆ మాట విన్నాడు, గుడ్డలు చుట్టిన తలలూ చూశాడు. మర్నాటి నుంచి లోపలికి అడుగు పెడితే ఒట్టు. ఒకసారి సెలవుల తర్వాత నా మట్టి తలకు చుట్టిన గుడ్డ విప్పితే నోరు తెరుచుకుని ఉంది. నేను చేసినప్పుడు అది మూసుకునే ఉండింది. మట్టి జారిందన్నారు సారు. కావచ్చు.

ఆయనకు ఫోటో అంటే పడేది కాదు. కెమెరా చూస్తే లేచి వెళ్ళిపోయేవారు. "ఫోటోలో నా చెవి వెనకాల యాడుండాది? అది లేకుంటే నేనేం మనిషినమ్మా?" అనేవారు. మూడేళ్ళ గ్రూప్ ఫోటోల్లో ఆయన కుర్చీ ఖాళీగానే ఉంటుంది.

రెండో ఏడు, మనిషి ముఖానికి అచ్చు తీయడం నేర్పారు. "మొదట నా ముఖమే. ముందు నన్ను పాడు చేయండి, తర్వాత ఒకరినొకరు చేసుకుందురు," అని బల్ల మీద పడుకున్నారు. ముఖానికి వ్యాసెలైన్ పూసి, ముక్కులో రెండు సన్నటి గొట్టాలు పెట్టి, పైన ప్లాస్టర్ వేయాలి. వేశాక నోరు కదపకూడదు. అందుకని ముందే చెప్పారు: "వేలితో బల్ల ఒకసారి తట్టితే నేను బాగుండానని. రెండుసార్లు తట్టితే పెరికి పారేయండి."

వ్యాసెలైన్ పూసే పని నా వంతుకు వచ్చింది. నుదురు అయింది, బుగ్గలు అయ్యాయి, మీసం దగ్గర చెయ్యి ఆగిపోయింది. గురువు కనిపిస్తే కాళ్ళకు మొక్కాలని నేర్పిన ఇల్లు మాది. సారు మీసం పట్టుకుని రుద్దడం నా వల్ల కాలేదు. పైపైన అద్ది, అయిందని చెప్పాను. తెల్లటి ముద్ద కింద ఆయన ముఖం మాయమైపోయింది. గొట్టాల్లోంచి ఊపిరి చప్పుడు మాత్రం వస్తూ ఉంది.

తీయబోతే అచ్చు రాలేదు. మీసాన్ని పట్టుకుంది. లాగి, భయపడి ఆయన వేలి వైపు చూశాం. ఒక్క తట్టు. మళ్ళీ లాగాం. ఒక్కటే. చివరికి సగం మీసం అచ్చులోనే ఉండిపోయి ముఖం బయటపడింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా లేచి కూర్చుని, "ఎవురమ్మా పూసింది?" అన్నారు. నేను ఏడ్చేశాను. "మర్యాదని చెప్పులతో పాటు వాకిట్లో ఇడిచి రావాల. చేతుల్లో పెట్టుకోనొస్తే పని చెడుతుంది," అన్నారు. ఆ అచ్చు నాకే ఇచ్చారు. నీ తప్పు నీ దగ్గరే ఉండనీ అన్నారు.

అచ్చులో ముఖం గిన్నెలాగా లోపలికి ఉంటుంది. గోడకు తగిలించి నాలుగడుగులు వెనక్కి పోయి చూస్తే మాత్రం బయటికి ఉబ్బినట్టే కనబడుతుంది. మనం పక్కకు నడిస్తే అదీ మన వైపు తిరుగుతుంది. అది కంటి పొరపాటని సారు వివరంగా చెప్పారు. వివరం తెలిసిందని అది తిరగడం మానలేదు. ఇన్నేళ్ళూ నా గదిలో కళ్ళు మూసుకునే నా వెంట తిరిగింది.

మూడో రోజు అమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. "పెద్దదినానికి మాల వేసేదానికి ఫోటో లేదు తల్లీ. ఆధార్ కార్డులో దొంగ మాదిరి ఉండాడు. నీ దగ్గర ఆయన ముఖం ఉండాదంట కదా?"

అచ్చును తువ్వాలలో చుట్టి, బాగేపల్లిలో బస్సు మారి, ఒళ్ళో పెట్టుకుని సారు వాళ్ళ ఊరు చాకవేలు పోయాను. నడవలో మేకుకు తగిలించి, "ఇందులో ప్లాస్టర్ నింపితే అచ్చం ఆయన ముఖమే వస్తుందమ్మా. కానీ అది బయటికి రావాలంటే అచ్చు పగలగొట్టాల," అన్నాను.

ఆమె వినిందో లేదో. ఒకడుగు అటు వేసింది, ఒకడుగు ఇటు వేసింది. "కండ్లు మూసుకొనే నా వెంట వస్తాండాడే," అంది మెల్లగా. దగ్గరికి పోయి బుగ్గ నిమరబోయింది. బుగ్గ ఉండాల్సిన చోట ఏమీ లేదు. వేళ్ళన్నీ ముఖంలోకి పోయాయి. నేను ఒకడుగు వెనక్కి వేశాను. ఆమె మాత్రం చెయ్యి తీయలేదు. లోపల తడుముకుంటూ పోయి, ప్లాస్టర్‌లో ఇరుక్కున్న వెంట్రుకల దగ్గర ఆగింది.

"ఆఖర్లో మాట పడిపోయింది," అంది అటు తిరిగే. "వేలితో మంచం తట్టేది, నా ముఖం చూసేది. నీళ్ళా అంటే కాదు. దుప్పటా అంటే కాదు. ఏమడిగినాడో తెలీకుండానే పంపించేస్తి. అదే నన్ను తింటాండాది."

"ఎన్నిసార్లు తట్టినారమ్మా?"

"ఒకటే. కొంచేపుండి మళ్ళా ఒకటే."

ఆ రోజు బల్ల మీద జరిగిందంతా చెప్పాను. ఆమె అచ్చులోంచి చెయ్యి తీసి నా వైపు తిరిగింది. "బాగుండానని చెప్పినాడా? అబద్ధం. యాడ బాగుండె?"

"ఆ రోజూ అబద్ధమేనమ్మా. మీసం ఊడొస్తాండినా ఒక్కటే తట్టినారు."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. నాకూ ఆగలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, "నింపొద్దు తల్లీ. ఇట్లే ఉండనీ," అంది.

ఆ అచ్చుకే మాల వేశాం. వాకిట్లోంచి గాలి వచ్చి, మేకు మీద అచ్చు కదిలి గోడకు ఒకసారి తగిలింది. ఇద్దరం కదలకుండా నిలబడ్డాం. రెండోది వస్తుందేమోనని చూశాం. రాలేదు.

"సరేలే," అంది అమ్మ దానితో, రోజూ అనే మాట లాగానే. అని వంటింట్లోకి నడిచింది. మూసిన కళ్ళతో ఆ ముఖం గడప దాకా ఆమె వెంట తిరిగింది.