మేక తీర్పు

దిబ్బవలసలో ఏ తప్పుకైనా శిక్ష ఒకటే, మేక. తప్పు చేసినవాడి తండ్రి ఒక మేకను తెచ్చి కోవెల వెనక కడతాడు. దాన్ని కోసి వాటాలు వేసి, మొదటి వాటా నష్టపోయినవాళ్ల ఇంటికి అడ్డాకులో చుట్టి పంపిస్తారు. ఆ పొట్లం విప్పి కూర వండుకున్నారంటే తగువు తీరిపోయినట్టే. మళ్లీ ఆ సంగతి ఎత్తితే "తిన్నావు గదేటి?" అని నోరు మూయిస్తారు. ఇది తాతలనాటి పద్ధతని ఊరి పెద్ద నరసింగరావు బొబ్బిలి నుంచి వచ్చే ఆఫీసర్లకు గర్వంగా చెబుతాడు. తప్పు చేసినవాడు కూడా అందరితోపాటు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఆ మేకను తింటాడన్న సంగతి మాత్రం చెప్పడు.

జగ్గమ్మకు ఈ పద్ధతి మీద మొదటినుంచీ ఏవగింపు ఉందనుకుంటే పొరపాటు. ఆమె కూడా చాలా ఏళ్లు తన వాటా తాను తిన్నది.

పదహారేళ్లకు సాలూరు అవతలి పల్లె నుంచి ఆ ఊరికి కోడలై వచ్చింది. నలభై దాటకముందే భర్త జ్వరంతో పోయాడు. కూతురు కుమారికి పెళ్లి చేసి పంపించాక, గెడ్డ వాగు పక్కనున్న ఎకరన్నర పొలం చెక్క, ఆమె నోరు, రెండే మిగిలాయి. ఆ రెంటినీ ఏనాడూ బీడు పెట్టలేదు. అరవై రెండేళ్లు వచ్చినా ఊడుపుకు కూలీల కంటే ముందు తానే మడిలో దిగుతుంది. కోవెల అరుగు మీద కూర్చున్న మగవాళ్ల ముందు నుంచి నడిచేటప్పుడు తల వంచదు, కొంగు సర్దుకోదు. "ఆ అప్ప వస్తన్నాది, నోరు మూసుకోండర్రా" అని వాళ్లే సర్దుకుంటారు.

ఊళ్లో కలిగిన రైతు గిరిబాబుకు లేక లేక పుట్టిన కొడుకు ధర్మేంద్ర. తొమ్మిదో తరగతిలో ఉండగా గంగులు పెంచుకున్న పందెం పుంజును ఎత్తుకుపోయి అమ్మేశాడు. గంగులు కూలి మనిషి. ఆ పుంజును ఏడాదిపాటు సొంత బిడ్డకన్నా ముద్దుగా మేపాడు. గిరిబాబు మేకను కట్టాడు. గంగులు ఏడుస్తూనే తిన్నాడు.

ఇంటర్లో చేరిన ఏడాది ధర్మేంద్ర జగ్గమ్మ బోరు మోటారుకున్న కేబులు మొత్తం కోసుకుపోయి, గెడ్డ ఒడ్డున తగలబెట్టి, లోపలి రాగి తీగ అమ్ముకున్నాడు. ఆ నల్లటి బూడిద చుట్ట ఒడ్డునే ఉంది. పుంజు సంగతి ఎరిగిన ఊరికి దొంగ ఎవరో చెప్పడానికి సాక్షి కూడా అక్కర్లేకపోయింది. జగ్గమ్మ అరుగు దగ్గరికి వెళ్లి నిలబడింది.

"మేక నాకొద్దు. కొత్త కేబులొచ్చీదాకా ఆ గుంటడ్ని నా సేలోకి పంపండి. బిందెల్తో మోత్తాడో, నోటితో మోత్తాడో, నీళ్లు మాత్రం ఆడే తేవాల."

అరుగంతా గొల్లున నవ్వింది. నరసింగరావు కండువా మడత పెట్టుకుని దగ్గాడు. తీర్పు చెప్పే ముందు ఆయన దగ్గుతాడు. కోవెల వెనక కట్టిన మేకను ఆ సరికే కంటితో తూచేసి ఉంటాడు కాబట్టి ఆ దగ్గులో ఆలోచన ఏమీ ఉండదు.

"సదువుకునే గుంటడప్పా. బురదలో దించితే ఏటి బాగుంటాది? ఆల బాబు కేబులు కొనిస్తన్నాడు గదా."

"కేబులు కోసింది బాబేటి?"

"ఏదో కుర్రతనం. ఆడే మారతాడు."

సాయంత్రం అడ్డాకు పొట్లం ఇంటికి వచ్చింది. జగ్గమ్మ కాసేపు గుమ్మం మీద పెట్టి చూసింది. మూడు నెలలుగా ఆ ఇంట్లో మాంసం వాసన లేదు. విప్పింది, అల్లం వెల్లుల్లి నూరింది, వండుకుని తిన్నది. రుచిగానే ఉంది. ఆ రుచి గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండేది. నరసింగరావును తిట్టేటప్పుడు కూడా ఆ తిట్లలో నాలుగో వంతు తనకే తగిలేది.

ఆ తరవాత ట్రాక్టరు బ్యాటరీ పోయింది, మేక కోశారు. పొరుగూరి మాస్టారి మోటారుసైకిలు పోయింది, అప్పుడూ మేకే. నేరం పెద్దదవుతున్నకొద్దీ గిరిబాబు తెచ్చే మేక కూడా పెద్దదవుతూ వచ్చింది. ఊరికి అదే న్యాయంగా కనిపించేది. ధర్మేంద్ర అరుగు ముందు నిలబడి తల వంచుకోవడం కూడా బాగా నేర్చాడు. ఎంతసేపు వంచాలో, ఎప్పుడు ఎత్తి చిన్నగా నవ్వాలో వాడికి తెలుసు. ఊళ్లో వాడికి దొరికిన చదువు అదొక్కటే.

పంతొమ్మిదేళ్లకు వాడు ట్రాన్స్‌ఫార్మర్ దింపాడు.

కార్తీక మాసం. వరి పొట్ట మీద ఉంది. వానలు వెనకపట్టాయి. గెడ్డ కింద ఇరవై ఎకరాలకు ఆ ఒక్క ట్రాన్స్‌ఫార్మరే దిక్కు. తెల్లారి చూస్తే అది గట్టు మీద బోర్లా పడి ఉంది. పొట్ట చీల్చి రాగి చుట్టలన్నీ లాగేశారు. నూనె జగ్గమ్మ మడిలోకి కారి నీళ్ల మీద తెట్టులా తేలుతోంది. పాత సామాన్ల కొట్టువాడు రాగిని చూసి భయపడి తిన్నగా గిరిబాబుకే ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి ఊరందరికీ తెలిసిపోయింది.

లైన్‌మన్ వచ్చి చూసి చెప్పాడు. "పోలీసు కేసు కాగితముంటే వారంలో కొత్తది తెస్తాను. కాగితం నేకపోతే ఎప్పుడొస్తాదో నాకూ తెలీదు."

పది రోజులు నీళ్లు లేకపోతే పొట్టలో ఉన్న కంకి బయటికి రాదు. వచ్చినా తాలే. ఈ సంగతి అరుగు మీద కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. అయినా ఎవరూ స్టేషన్ మాట ఎత్తలేదు. వాళ్ల పొలాల్లో ముప్పాతిక భాగం గెడ్డకు అవతల, వేరే లైను కింద ఉంది.

"మావోడు మిలట్రీ సెలక్షన్లకి ఎల్తన్నాడు," అన్నాడు గిరిబాబు. "ఒక్క కేసు పడితే బతుకు పోతాది. నెల్లాళ్లు ఆగండి, పాతదొకటి నానే కొని ఎక్కిస్తాను."

నరసింగరావు దగ్గాడు. ఈసారి రెండు మేకలు.

ఆకు పొట్లం మళ్లీ వచ్చింది, ఇదివరకటికన్నా బరువుగా. జగ్గమ్మ ముడి విప్పలేదు. దాన్ని అలాగే పట్టుకుని కోవెల దగ్గరికి నడిచింది. పెద్దలు భోజనాల్లో ఉన్నారు. ధర్మేంద్ర వడ్డిస్తున్నాడు. ఆమె పొట్లాన్ని నరసింగరావు విస్తరి పక్కన పెట్టింది.

"ఇదేటప్పా?"

"నా వాటా. నాను తిన్ను."

అందరి చేతులూ ఆగిపోయాయి. దిబ్బవలసలో మొదటి వాటా వెనక్కి రావడం ఎవరూ ఎరగరు. నష్టపోయినవాళ్లు తినకపోతే తగువు తీరనట్టే. తగువు తీరకముందే ఊరు తినడమంటే తప్పు ఊరి మీదికొస్తుంది. నరసింగరావు నోట్లో ముద్ద ఉంది. మింగాలో వద్దో ఆయనకు తోచలేదు.

"పిన్నీ, మరేటి కావాల నీకు?" గిరిబాబు లేచి వచ్చాడు. "జైల్లో ఎట్టించీమంటావేటి నా కొడుకుని?"

"జైల్లో ఎడితే నా సేను తడుస్తాదా?" అన్నది జగ్గమ్మ. "మా అటక మీద నీళ్లు సిమ్మే రేకు గూడ ఉన్నాది. రేపు పొద్దున్నుంచి గెడ్డలో నీళ్లు తోడి కింద మడులన్నీ ఆడే తడపాల. కరెంటొచ్చీదాకా. ఒక్క పూట తప్పినా నాను బొబ్బిలి స్టేషన్‌కి ఎల్తాను. గూడకి ఇద్దరు కావాల. ఒక కొస ఆడు. రెండో కొస నువ్వో, ఈ నరసింగో, ఎవరు పడతారో మీరే తేల్చుకోండి."

"నాకు మోకాలు నొప్పప్పా," అన్నాడు నరసింగరావు.

"బొమికలు కొరికినప్పుడు నేదేటి నొప్పి?"

కుర్రాళ్లు నవ్వారు. వాళ్లలో నవ్వనివాడు ధర్మేంద్ర ఒక్కడే. వాడి చేతిలో కూర గరిటె అలాగే ఉంది.

పొద్దున్న వాడు వచ్చాడు, చెవుల్లో పాటలు పెట్టుకుని, తెల్ల బూట్లతో. రెండో కొసకు ఎవరూ రాలేదు. జగ్గమ్మ చీర ఎగ్గట్టి తానే పట్టుకుంది. గూడ అంటే చేటలాంటి పెద్ద రేకు డొప్ప. చెరో వైపు రెండేసి తాళ్లు. ఇద్దరూ గెడ్డలోని నీటి గుంటకు ఎదురెదురుగా నిలబడి, ఒకేసారి వంగి నీళ్లు ముంచి, ఒకేసారి వెనక్కి వాలి పై కాలవలోకి చిమ్మాలి. ఒకరు తొందరపడితే రెండోవారి మొహం మీద పడతాయి నీళ్లు. మొదటిరోజు జగ్గమ్మ మొహం మీద చాలాసార్లు పడ్డాయి.

"బూట్లు ఇప్పు. సెవుల్లోది తియ్యి. నాను లెక్కెడతాను, ఇను."

రెండోరోజుకు వాడి అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. గుడ్డ చుట్టుకుని వచ్చాడు. తిట్టుకుంటూనే తోడాడు. మూడోరోజు చుక్క పక్కకు పోలేదు. కాలవ నిండి నీళ్లు మొదటి మడి దాటి రెండో మడిలో పడుతుంటే వాడు తాళ్లు వదిలేసి, గట్టెక్కి, నీళ్ల కొసతోపాటే నడుచుకుంటూ వెళ్లాడు. వాడుతున్న మొక్కల మొదట్లోకి నీళ్లు చేరడం చూశాడు.

"మామ్మా, మోటార్లు నేని రోజుల్లో ఈ సేనంతా ఇలాగే తడిపీవోలా?"

"మరెలా తడుపుతార్రా, ఉచ్చోసేటి?"

వాడు నవ్వాడు. అరుగు ముందు నవ్వే నవ్వు కాదు. జగ్గమ్మ చూడనట్టు మొహం తిప్పుకుని నడుం పట్టుకుంది. తొమ్మిదో తరగతిలోనే వీణ్ని ఇక్కడ నిలబెట్టి ఉంటే ఈ చేతులు స్తంభం ఎక్కేవి కావేమో అనిపించింది. ఆ ఆలోచనకు ఆమెకు జాలి పుట్టలేదు. అరుగు మీది ముసలి గెడ్డాల మీద రోత పుట్టింది.

నాలుగోరోజు పొద్దున్న గెడ్డ దగ్గర గంగులు నిలబడి ఉన్నాడు.

"ఆడేడ్రా?"

"ఇజీనగరం ఎల్పోనాడప్పా. రన్నింగు కోచింగంట. గిరిబాబు నన్ను రమ్మన్నాడు." గంగులు తలగోక్కున్నాడు. "కూలిస్తానన్నాడు. ఆడి బదులు నన్ను గూడేసీమన్నాడు."

జగ్గమ్మ వాడి వంక ఎగాదిగా చూసింది. మొట్టమొదట పుంజును పోగొట్టుకున్నవాడు, ఇప్పుడు దొంగ తరఫున శిక్ష అనుభవించడానికి తువ్వాలు నడుముకు బిగించి నిలబడ్డాడు. వాడి ముఖంలో సిగ్గు కూడా లేదు. పని దొరికిందన్న సంబరమే ఉంది.

"సిగ్గునేదేట్రా నీకు?"

"సిగ్గెందుకప్పా? నీళ్లెవలు తోడితే ఏటి? మడి తడుస్తాది గదా."

ఊరంతా సరిగ్గా అలాగే అనుకుంటుందని జగ్గమ్మకు తెలుసు. ఆమె గూడను గట్టు మీద బోర్లించింది. ఇంటికి వెళ్లి కాళ్లు కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని రోడ్డెక్కింది. దారిలో గిరిబాబు ఎదురొచ్చి బండి ఆపాడు.

"పిన్నీ, ఆగు. నీళ్లు పడతన్నాయి గదా! మనిషిని ఎట్టాను గదా!"

"నీ మేకకి రెండు కాళ్లొచ్చినాయి, అంతే," అన్నదామె. బస్సెక్కింది.

స్టేషన్లో రైటరు కుర్రవాడే. కళ్లజోడు, గుండ్రటి చేతిరాత. ఎప్పుడు, ఎక్కడ, ఏమేం పోయాయో రాసుకున్నాడు. ధర్మేంద్ర వయసెంతన్నాడు. పదిహేడని, మైనరని చెప్పమని నరసింగరావు అప్పటికే జగ్గమ్మకు ఆమె కూతురి చేతే ఫోన్ చేయించాడు. కుమారి ఏడుస్తూ "అమ్మా, మనకెందుకు పగ?" అని కూడా అడిగింది.

"పంతొమ్మిది," అన్నది జగ్గమ్మ. "మా కుమారి పెద్ద కూతురూ ఆడూ ఒక్క నెల్లోనే పుట్టినారు. నాకు తెల్దా?"

రైటరు కాగితం ఆమె వైపు తిప్పి వేలిముద్ర చోటు చూపించాడు. ఆమె వేలు ముందుకు చాచలేదు.

"ఇంకోటి రాయండి బాబూ. మూడ్రోజులు ఆడు గూడేసినాడు. సేతులు సిట్లిపోనా ఆపలేదు. నా మడీ, కింద రెండు మడులూ ఆడే తడిపినాడు. నాలుగోరోజు ఆణ్ణి రానివ్వనోడు ఆడి బాబు."

"అవన్నీ కంప్లైంట్లో రాయరమ్మా. దొంగతనం వరకే."

"ఎందుకు రాయరు? సేసిన తప్పు రాస్తన్నారు గదా. తడిపిన నీళ్లు రాయరేటి? రేపు జడ్జిగారు సదివితే ఆడు మూడ్రోజులు మనిషిలాగ ఉన్నాడని తెలవాల. ఆణ్ణి ఎన్నాళ్లు ఎక్కడుంచాలో అప్పుడే గదా తెలిసీది."

"చెప్తే వినండి, కుదరదు."

"అలాగైతే నానిక్కడే ఉంటాను," అని జగ్గమ్మ బల్ల మీద కూర్చుంది. లోపలికి ఎవరెవరో వచ్చారు, వెళ్లారు. ఫ్యాను కిర్రుమంటోంది. గోడ గడియారం పదకొండు దాటింది, పన్నెండు దాటింది. చేను ఎండుతోందని ఆమెకు తెలుసు. ప్రతి గంటకూ ఒక మడి పోతుందని కూడా తెలుసు. అయినా లేవలేదు.

ఒంటిగంటకు రైటరు విసుక్కుంటూ కళ్లజోడు తీసి తుడుచుకుని, కాగితాన్ని మళ్లీ తన వైపు లాక్కున్నాడు.

"ఎన్ని మడులన్నారు?"

"మూడు," అన్నది జగ్గమ్మ, ముందుకు వంగి, ఆయన రాసే అక్షరాల మీద కన్ను వేసి. ఆమెకు చదవడం రాదు.