అద్దం కిటికీ అయిన పూట

ఆ గాజు సంగతి నాకు మొదట చెప్పింది సుగుణక్క. ఏళ్లుగా నా గుండె మీదున్న బరువూ ఆమెదే. ఇన్నాళ్లూ దేవునికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈ పూట మీకు చెబుతున్నాను.

మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో మా పక్క క్వార్టర్ ఆమెది. హిజ్లీ వైపు కాలేజీలో, ఒక ల్యాబులో ఊడ్చి తుడిచే పని. ఒక సాయంత్రం నవ్వుకుంటూ వచ్చింది.

“ఓలమ్మీ, మా ల్యాబులోకి ఓ గాజు పలకొచ్చినాది. కరెంటిస్తే అద్దమైపోద్ది, మీట వెనక్కి తిప్పితే ఉత్త గాజే. మీరూ ఒకటెట్టుకోండే, శ్రమ దినాల్లో అద్దాన్ని గోడేపు తిప్పే బాధ తప్పుద్ది!”

ఆ నియమం మా నాన్న పెట్టింది. బైబిలు ముందు పెట్టుకొని ఇంట్లోనే నాకు చదువు నేర్పిన మనిషి. ఈస్టరు ముందరి శ్రమ దినాల్లో మా ఇంట్లో ఎవరూ అద్దంలో ముఖం చూసుకోరు. ఆ చదువుకూ ఆ నియమానికీ నేనిప్పటికీ కృతజ్ఞురాలినే.

ఆ దినాల్లోనే అక్కకు జ్వరం వచ్చింది. నాగా పెడితే కాంట్రాక్టరు ఊరుకోడు. ఒకరికి బదులు ఒకరు వెళ్లడం మా ఆడవాళ్లలో మామూలే, పైవాళ్లకు చెప్పం. నేను వెళ్లాను. తీగల జోలికి పోవద్దని అక్క చెప్పే పంపింది.

గాజు బల్ల మీద నిలబెట్టి ఉంది, అద్దమై. అలా ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలని కరెంటిచ్చి వదిలేశారట. నేల తుడుస్తూ తలెత్తితే నా ముఖం. నియమం గుర్తొచ్చి మీట వెనక్కి తిప్పాను. ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నది ఇదే. నిజమేనా? కళ్లు దించుకుంటే సరిపోయేది కదా? చూడాలనిపించింది. అంతే.

ముఖం మెల్లగా పలచబడింది. నా కళ్లున్న చోట కిటికీ ఊచలు తేలాయి, వాటి అవతల ఎండలో సైకిళ్ల వరస. ముందుకు తిప్పాను. మళ్లీ నేను. ఈ అద్దం ఎక్కడికి పోతోంది, ఎక్కడినుంచి వస్తోంది, నన్ను వెనక్కి పంపిన వెలుతురే ఇప్పుడు బయటికెలా దాటిపోతోంది? తిప్పుతూనే ఉన్నాను, మీట ఇక తిరగనని ఆగేదాకా. గాజు మీద గోధుమరంగు మరకలు లేచాయి. ఎటు తిప్పినా పోలేదు. బకెట్టు తీసుకొని వచ్చేశాను.

మర్నాడు అక్క మా గుమ్మంలో నిలబడింది.

“ఆ గాజు పాడైపోనాదట. దాని మీద రీసెర్చి చేసే పాప ఒకటే ఏడుపు. నువ్వేటైనా ముట్టుకున్నావేటే?”

“నేదక్కా.”

“ఠీక్ హై. నువ్వు నేదంటే నేదే. అబద్ధం నీ నోటికి రాదు.”

నా పేరెత్తితే నన్ను నిలబెట్టి అడుగుతారని, తుడుస్తుంటే తన చెయ్యే తగిలిందని అక్క ల్యాబులో చెప్పేసింది. పని పోయింది. ఆ తర్వాత ఊళ్లో ఖరిదా వైపు ఇళ్లలో అంట్లు తోముకుంది. ఆదివారాలు చర్చిలో నా పక్కనే కూర్చునేది. చదువు రాని అక్కకు కీర్తనలో ప్రతి మాటా నేనే అందించేదాన్ని. చెప్పాల్సిన ఆ ఒక్క మాట మాత్రం అందించలేదు. పోయిన వానాకాలం ఆమె కన్నుమూసింది.

గాజు లోపల సన్నని లోహపు పొర పేరుకొని, మళ్లీ కరిగిపోతుందని తర్వాత విన్నాను. తలుచుకున్నప్పుడల్లా ఆశ్చర్యం, వెంటనే సిగ్గు. చూసినందుకు ఇంకా సంతోషమే. అదీ ఒప్పుకోవాలి కదా.

క్షమించగల మనిషి లేదు. చెప్పేశాను, ఊపిరి కాస్త ఆడుతోంది. మీరు ప్రార్థన చేసేవారైతే నన్ను కాదు, సుగుణక్కను జ్ఞాపకం చేసుకోండి. ఆమె ఆ గాజును ముట్టుకోలేదు.