వీలైనంత మేరకు

అగ్నిమాపక శాఖలో ఆమెను అందరూ టేపక్క అంటారు. ఏ దుకాణానికి తనిఖీకి వెళ్లినా, పలకరింపుల కంటే ముందు చేతిసంచిలోంచి టేపు తీసి మెట్ల వెడల్పు కొలుస్తుంది. కాఫీ తెప్పిస్తామంటే కొలత అయ్యాక తాగుతానంటుంది. కొలత ఎంతొచ్చిందో చెప్పాక ఎవరూ తెప్పించరు.

వయసు యాభై నాలుగు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. అందులో ఒక్క మధ్యాహ్నం మాత్రం ఆమె మరిచిపోలేదు. తొమ్మిదేళ్ల క్రితం నాలుగంతస్తుల బట్టల దుకాణంలో మంటలు లేచాయి. మంటలు మూడో అంతస్తు దాకా రానేలేదు, పొగ మాత్రమే వచ్చింది. అక్కడ పనిచేసే ఏడుగురు వెనకనున్న రెండో మెట్ల దారి వైపు పరిగెత్తారు. ఆ తలుపు లోపలికి తెరుచుకునేది. వెనకవాళ్లు ముందువాళ్లను తోశారు, ముందువాళ్లు తలుపును తోశారు. తాళం లేదు, గడియ లేదు. ఏడుగురి బరువే దానికి తాళమైంది. అవతల నుంచి ఆ తలుపును పగలగొట్టిన ఇద్దరిలో టేపక్క ఒకతె.

ఆ దుకాణం మీద కేసు నిలవలేదు. తలుపు ఎటు తెరుచుకోవాలో నియమావళిలో ఎక్కడా లేదు మరి. అది ముప్పై ఏడేళ్ల నాటిది. ప్రతి అంతస్తులో నాలుగు ఇసుక బకెట్లు ఉండాలని రాసిన పెద్దలు, అద్దాల గోడల గురించి, సెల్లారులో చార్జింగు పెట్టే బళ్ల గురించి, మిద్దె మీద రేకులు వేసి నడిపే హోటళ్ల గురించి ఏం రాస్తారు? పైగా అది పదిహేను మీటర్ల ఎత్తు దాటిన భవనాలకే వర్తిస్తుంది. అందుకే ఊళ్లో ఎటు చూసినా పద్నాలుగున్నర మీటర్ల భవనాలే.

అటువంటిది, వ్యాపార భవనాల నియమావళిని తిరగరాయడానికి నగర పాలక కార్యాలయం ఏడుగురితో సంఘం వేసి, అందులో టేపక్కను కూడా వేసినప్పుడు ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు. మూడు నెలల పాటు ఆదివారాలన్నీ పెట్టి నలభై పేజీలు రాసింది. తెలుగు మాస్టారైన భర్త పక్కన కూర్చుని అచ్చుతప్పులు దిద్దాడు.

మొదటి దెబ్బ ఇంట్లోంచే తగిలింది. ఆమె వదిన ఒక వాణిజ్య సముదాయం మూడో అంతస్తులో కుట్టుపని నడుపుతుంది. పన్నెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల. బట్టల మూటలకు చోటు చాలక రెండో మెట్ల మీద పేర్చి, తలుపుకు తాళం వేసింది. కొత్త రూలు వస్తోందన్న మాట ఎలా చెవిన పడిందో, పొద్దున్నే వచ్చి కుర్చీలో కూలబడింది.

"నీ రూలు వస్తే మొదట మూతపడేది నా కొట్టేనట. నిజమేనా?"

"మూత ఎందుకు పడుతుంది వదినా? మూటలు తీసి తాళం తీస్తే చాలు."

"మూటలు ఎక్కడ పెట్టుకోను, నీ నెత్తి మీదా? కింద కొట్లవాళ్లందరూ, 'మీ ఆడపడుచుకు నువ్వైనా చెప్పమ్మా' అని నన్ను పట్టుకుంటున్నారు. పదేళ్ల నుంచి ఉన్నాం, ఏమైనా అయిందా?"

"అయ్యాక చెప్పడానికి నువ్వుండొద్దూ?"

నోరు జారిందని టేపక్కకు వెంటనే తెలిసింది. వదిన లేచి, మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయింది. మాటలు రెండు నెలలు ఆగిపోయాయి.

సంఘం సమావేశాలు నగర కార్యాలయం నాలుగో అంతస్తులో జరిగేవి. అధ్యక్షుడు పెద్ద అధికారి, మర్యాదస్థుడు, ఎవరేం చెప్పినా తల ఊపుతాడు. బిల్డర్ల తరఫున ఒకాయన, వర్తక సంఘం కార్యదర్శి, ఒక ఆర్కిటెక్టు, ఒక కరెంటు ఇంజనీరు, ఒక న్యాయ సలహాదారు. మొదటి మూడు సమావేశాలు 'వ్యాపార భవనం' అంటే ఏమిటన్న దాని మీదే గడిచాయి. నాలుగోది అధ్యక్షుడు రాక వాయిదా. ఐదోదానికి అందరూ వచ్చారు కానీ ఫైలు రాలేదు.

ఆరో సమావేశంలో అసలు విషయం బల్ల మీదికి వచ్చింది. కొత్త నియమాలు కొత్తగా కట్టేవాటికేనా, ఉన్నవాటికి కూడానా?

"ఉన్నవాటికే ముఖ్యం సార్," అంది టేపక్క. "కొత్తవి ఇంకా కట్టలేదు. జనం ఉన్నది పాతవాటిలోనే కదా."

వర్తక సంఘం కార్యదర్శి నవ్వాడు. "రెండో తలుపు తెరిచిపెడితే దొంగలు పడరా మేడమ్? దానికి కూడా మీరే వచ్చి కాపలా కాస్తారా?"

"లోపల్నుంచి తోస్తే తెరుచుకుని, బయట్నుంచి లాగితే రాని గడియలు ఉన్నాయండి. పెద్ద ఆసుపత్రుల్లో చూడండి."

"ఆసుపత్రికి దొంగ ఎందుకు వెళతాడండీ?"

అందరూ నవ్వారు. అధ్యక్షుడు కూడా నవ్వి, తల ఊపాడు. టేపక్కకు ఒళ్లు మండింది. చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటే ఇదే కాబోలు అనుకుని లేచి నిలబడింది.

"సార్, పది నిమిషాలు టైమివ్వండి. ఈరోజు మనమందరం రెండో మెట్ల నుంచి దిగుదాం."

వరండా చివరికి నడిచారు. అక్కడ ఇనుప గ్రిల్లు, దానికి తాళం. తాళంచెవి అటెండరు దగ్గర ఉంటుంది, అటెండరు సెలవులో ఉన్నాడు. గ్రిల్లు వెనక కాళ్లు విరిగిన కుర్చీలు, గుడ్డల్లో కట్టిన పాత ఫైళ్లు నడుమెత్తున ఉన్నాయి. ఇంజనీరు గ్రిల్లును ఒకసారి ఊపి చూశాడు. అధ్యక్షుడి ముఖం ఎర్రబడింది.

"నేను రోజూ కూర్చునేది ఈ అంతస్తులోనే," అన్నాడు నెమ్మదిగా. "రేపటికల్లా ఇదంతా తీయించండి."

ఆ సాయంత్రం టేపక్క ఇంటికి వెళ్లి భర్తతో, "ఇక అయిపోయినట్టేనండీ," అంది.

అన్నమాట ప్రకారమే మర్నాటికి గ్రిల్లు తీసేశారు, కుర్చీలు తరలించారు. ఏడో సమావేశానికి ముందు చేతికందిన కాగితాల్లో మొదటి అంశమే అది: 'కార్యాలయపు రెండవ మెట్ల మార్గము శుభ్రపరచబడినది.' రెండో అంశం, పాత భవనాల నియమం. దాని మీద టేపక్క రాసిన నాలుగు పేజీలు పోయి ఒకే వాక్యం మిగిలింది: 'ప్రస్తుత భవనములలో రెండవ మార్గము వీలైనంత మేరకు తెరచి ఉంచబడవలెను.'

సమావేశం ముగిశాక ఆమె అధ్యక్షుడి గది ముందు ముప్పావుగంట నిలబడింది.

"సార్, మీరు కళ్లారా చూశారు. చూసి కూడా 'వీలైనంత మేరకు' అంటే ఎలా సార్?"

"నువ్వు చెప్పేది న్యాయమేనమ్మా. కాదనను." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అందరినీ ఒప్పించాలి కదా. పాము చావకూడదు, కర్ర విరగకూడదు."

"ఇక్కడ పాముకేం కావడం లేదు సార్. పోయేది మనుషులే."

ఆయన తల ఊపాడు. ఆ ఊపుకు ఏ అర్థమూ లేదని ఆమెకు అప్పటికి బాగా తెలుసు.

మరో ఏడాదిన్నరకు నియమావళి అచ్చయి వచ్చింది. కొన్ని మంచివి నిలిచాయి. కొత్తగా కట్టే ఏ భవనంలోనైనా, ఎత్తుతో పనిలేకుండా, మెట్ల తలుపులు బయటికే తెరుచుకోవాలి. సెల్లారులో చార్జింగు కుదరదు. అంతవరకు ఆమె రాసినవే. అయితే ఊళ్లో ఉన్న వేలాది పాత భవనాలకు మాత్రం ఆ ఒక్క వాక్యమే గతి. తనిఖీకి వెళ్లిన చోటల్లా యజమానులు దాన్ని ముందే కంఠస్థం చేసుకున్నారు. "చూశామండీ, వీలు కాలేదు," అనేవారు. ఒకాయనైతే పుస్తకం తెరిచి వేలుపెట్టి మరీ చూపించాడు, అది రాసిన సంఘంలో ఆమె పేరుందని తెలియక.

ఒక ఆదివారం మాస్టారు అచ్చుతప్పులేమైనా ఉన్నాయేమోనని ఆ పేజీ చూస్తూ ఆగిపోయాడు.

"'తెరచి ఉంచబడవలెను' అట. ఎవరు ఉంచాలే?"

"ఎవరేమిటి, యజమాని."

"అది నువ్వనుకుంటున్నావు. ఈ వాక్యంలో కర్త ఏడీ? నా ఎనిమిదో తరగతి వాడు రాస్తే సగం మార్కులు కోస్తాను."

టేపక్క ఆ రోజంతా ఆ మాటే నమిలింది. సోమవారం ఆఫీసుకు వెళ్లగానే ఒక కాగితం టైపు చేయించింది: 'ఫలానా భవనంలో రెండో మెట్ల తలుపు తాళం తీయడం నాకు వీలు కాదు. కారణం. ఇట్లు.' కింద సంతకానికి చోటు. "వీలు కాలేదండీ" అన్న ప్రతి యజమాని ముందూ ఆ కాగితం పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చింది.

నోటితో ఎన్నైనా చెప్పే మనిషి, తన పేరు కింద రాయమనేసరికి తడబడతాడు. కొందరు ఆమెను బయటికి పొమ్మన్నారు. కొందరు మా వకీలును అడగాలన్నారు. ఎక్కువమంది తాళంచెవి వెతికించారు. ఐదు నెలల్లో ఆమె తిరిగిన నూట పన్నెండు భవనాల్లో అరవై మూడు తలుపులు తెరుచుకున్నాయి. వాటిలో ఒకటి వదిన కొట్టు ఉన్న సముదాయంలోది. అక్కడ యజమాని సంతకం పెట్టనన్నాడు, కొట్లవాళ్లను పెట్టమన్నాడు. వదిన కాగితాన్ని రెండుసార్లు చదివి, ఆడపడుచు ముఖంలోకి చూడకుండానే, "మూటలు లోపలికి తెప్పిస్తాలే," అంది.

ఆరో నెలలో పై అధికారి పిలిచాడు. బల్ల మీద ఆ కాగితం ఉంది.

"ఈ ఫారం నియమావళిలో ఉందా?"

"లేదు సార్."

"మరి ఎవరు పెట్టమన్నారు?"

"దీనివల్ల అరవై మూడు తలుపులు..."

"తలుపుల గురించి అడగలేదమ్మా. ఫారం గురించి అడిగాను. వర్తక సంఘం ఫిర్యాదు ఇచ్చింది. రేపటి నుంచి వద్దు."

ఫారాన్ని నియమావళిలో చేర్చమని ఆమె సంఘానికి ఉత్తరం రాసింది. సంఘం రద్దయిందని, తదుపరి సవరణ ఐదేళ్ల తర్వాత పరిశీలించబడునని జవాబు వచ్చింది. ఆమె పదవీ విరమణకు అప్పటికి మూడేళ్లే ఉంది. ఆ ఉత్తరం చూసి మాస్టారు ఈసారి వ్యాకరణం జోలికి పోలేదు. "అన్నం తిందువు రా," అన్నాడు.

ఫారం ఆగాక తెరిచిన తలుపులు కొన్ని మళ్లీ మూసుకున్నాయి. అవి ఎన్నో ఆమె లెక్కపెట్టలేదు, లెక్కపెట్టే పని తనది కాదన్నారు కదా. వదిన వాళ్ల అంతస్తులో మాత్రం తాళం మళ్లీ వేయలేదు. ఆ దారిన ఓ పిల్లి వచ్చి కుట్టిన బట్టల మీద పడుకుంటోందని, వెంట్రుకలు ఏరలేక చస్తున్నామని వదిన రోజూ ఫోను చేసి పావుగంట తిడుతుంది. టేపక్క చివరిదాకా వింటుంది.