ఎస్తేరు పెద్దమ్మ అడిగిన సమాధానం

నిన్న పొద్దున గజపతినగరం బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది.

"అమ్మ లేదక్కా" అన్నాడు ప్రకాశ్.

బస్సులో పాటలు మోగుతున్నాయి. సరిగా వినబడలేదేమో అనుకుని వాడిచేత మళ్లీ చెప్పించుకున్నాను. పాపం, ఆ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది వాడికి.

ప్రకాశ్ వాళ్లమ్మ మా అమ్మకి అక్క, నాకు ఎస్తేరు పెద్దమ్మ. మొన్న ఆదివారమే వీడియో కాల్‌లో "ఏటే గుంటా, అలా సిక్కిపోనావు, తిండి తింతన్నావా లేదా?" అని తిట్టింది. గుండె ఆగిపోయిందట. అంతే.

పొద్దుట్నుంచీ అందరూ స్టేటస్‌లు పెడుతున్నారు, "సమాధానంతో నిద్రించు తల్లీ" అని. మా చర్చి భాషలో సమాధానం అంటే శాంతి.

ఆ మాట చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోతోంది. ఎందుకో చెబుతాను.

ప్రకాశ్ చిన్నప్పుడు పక్కింటి జామచెట్టెక్కి కొమ్మ విరగ్గొట్టాడు. పెద్దమ్మ కొట్టలేదు. చెయ్యి పట్టుకుని ఆ ఇంటికి తీసుకెళ్లి, వాళ్లందరి ముందూ "నానే ఇరిసినాను, తప్పయిపోనాది" అనిపించింది. ఆ ఎండాకాలమంతా ఆ చెట్టుకి నీళ్లు వాడే మోశాడు. చివరికి ఆ ఇంటావిడే వాణ్ని పిలిచి ఒడి నిండా జామకాయలు పోసింది.

తప్పు జరిగితే ఏం చెయ్యాలో పెద్దమ్మకి తెలిసింది అదే.

వాడు పెద్దయ్యాక మా చర్చిలో డోలక్ వాయించేవాడు. భలే వాయించేవాడులెండి.

ఒక ఆదివారం చర్చి మైకు కనబడలేదు. సామాన్లు సర్దేది ప్రకాశే కాబట్టి సంఘ పెద్ద వాణ్నే నిలదీశాడు. "నాను తియ్యలేదు బాబూ" అని వాడు అంటూనే ఉన్నాడు. ఆయన ఆరాధనకి వచ్చిన జనమందరి ముందూ వాడి చెంపలు వాయగొట్టాడు. ఆ రోజు నుంచి వాడికి ఎడమ చెవి వినబడదు. డోలక్ మానేశాడు.

మైకు దొరికింది. ఎక్కడో తెలుసా?

ఆ పెద్దాయన కారు డిక్కీలో. ఎవరింట్లోనో ప్రార్థన ఉంటే తనే పట్టుకెళ్లి మరిచిపోయాడు.

తర్వాతి ఆదివారం అదే మైకులో "దేవుని కృపవల్ల మైకు దొరికింది, స్తోత్రం" అని అనౌన్స్ చేశాడు. జనం కూడా స్తోత్రం అన్నారు. సిగ్గు లేకుండా.

పోలీస్ కేసు పెడదామంటే పెద్దమ్మ వద్దంది. ఆవిడ అడిగింది ఒక్కటే. ఎక్కడ కొట్టాడో అక్కడే, ఆ జనం ముందే, "ఈ కుర్రాడు దొంగ కాదు, తప్పు నాది" అని చెప్పాలి.

నేను సోషల్ వర్క్‌లో పీజీ చదివేటప్పుడు రెస్టోరేటివ్ జస్టిస్ అని ఒక పాఠం ఉండేది. దెబ్బ తగిలింది ఎవరికి, వాళ్లకేం కావాలి, కొట్టినవాడు దాన్ని ఎలా సరిచేస్తాడు... ఇవన్నీ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలని. పెద్దమ్మకి చెబితే నవ్వింది. "ఆ పాటమేదో మా సంగం పెద్దకి సెప్పే!"

నిజంగానే ప్రయత్నించాను. పాస్టర్ గారు ఒప్పుకుని పెద్దమ్మనీ ఆ పెద్దాయన్నీ కూర్చోబెట్టారు. నేను తెగ సంబరపడిపోయాను. కూర్చున్నారో లేదో ప్రార్థన మొదలు. అది అవగానే, "అమ్మా, క్షమించేయండి, సమాధానపడండి" అన్నారు పెద్దమ్మతో. పెద్దాయన ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు.

"సమాదానపడమంటన్నారు అయ్యగారూ, సమాదానం ఏదీ? నా కొడుకుని ఎందుకు కొట్టినాడో ముందు సెప్పమనండి" అంది పెద్దమ్మ.

పెద్దాయన చెప్పలేదు. క్రిస్మస్‌కి చీర పంపాడు. పెద్దమ్మ తిప్పి పంపింది.

ఆ తర్వాత ఆవిడ చర్చిలో ప్రసాదంలా పంచే ప్రభువు బల్లలో రొట్టె ముట్టలేదు, ద్రాక్షరసం ముట్టలేదు. మనసులో ఇది పెట్టుకుని ముట్టకూడదనేది. ఆ పళ్లెం పట్టుకుని అందరికీ పంచేది మాత్రం ఆయనే. ఏ మొహం పెట్టుకుని పంచేవాడో మరి. ఊళ్లో మొండిదని పేరు మా పెద్దమ్మకే వచ్చింది.

నిన్న సాయంత్రం భూస్థాపన. సమాధి దగ్గర ఆయనే ముందుకొచ్చాడు.

"మా మధ్య చిన్న మాట పట్టింపు ఉండేది. సహోదరి నన్ను ఎప్పుడో క్షమించేసింది" అన్నాడు.

అబద్ధం. ఆవిడ క్షమించలేదు. ఈయన అడిగితే కదా క్షమించడానికి!

ప్రకాశ్ నా పక్కనే ఉన్నాడు. ఆయన నిలబడింది వాడి ఎడమ వైపు. చుట్టూ ఏడుపులు. వాడికి వినబడలేదు.

నా చెయ్యి పట్టుకుని అడిగాడు, "ఏటన్నాడక్కా? సెప్పీసినాడా?"

వాడి మొహంలో ఎంత ఆశో!

"లేదురా, సెప్పలేదు" అన్నాను.

వాడు తలూపి, వంగి, గుప్పెడు మట్టి వేశాడు.

వెళ్లిరా పెద్దమ్మా. ఇక్కడ మేమెవ్వరమూ నీకది ఇప్పించలేకపోయాం.

అక్కడైనా నీకు సమాధానం దొరకాలి. శాంతీ, జవాబూ... రెండూ.